నాంపల్లిలో వీడియో రోజులు



ప్రత్యేక సంచికకు పాత హైదరాబాదు గురించి ఏదైనా రాసిమ్మని మన కార్యదర్శి గారు అడిగి మూడు నెలలు దాటింది. చార్మినారు మీద, మూసీ వరద మీద సాధికారంగా రాయగలవారు మనలో ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నా చరిత్రంతా నాంపల్లి స్టేషనుకూ అబిడ్స్ జి.పి.ఓ.కూ మధ్య ఉన్న రోడ్డు మీదే నడిచింది. ఏం రాయాలా అని తాత్సారం చేస్తూండగా, మొన్న నవంబరులో జీవన ధ్రువీకరణ పత్రం దాఖలు చేసి బయటికి వస్తుంటే, కోడలి చెయ్యి పట్టుకుని మెట్లెక్కుతున్న ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టి ఆపారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు మా సెక్షన్ సూపరింటెండెంటుగా చేసిన వారి భార్య. మర్నాడు కోడలి చేత మా ఇంటికి ఒక గుడ్డసంచి పంపించారు. అందులో ఒక వీడియో క్యాసెట్టు, ఒక చీటీ. "నాయనా, ఇది మా చిన్నవాడి పెళ్ళిది, 1989. ఇందులో మీ సారు గొంతు ఉండాలి. అప్పట్లో ఆ వైర్లన్నీ కలిపింది నువ్వే కదా" అని రాసి ఉంది.

సారు పోయి పాతికేళ్ళు దాటింది. ఫోటోలున్నాయి గాని గొంతు ఎక్కడా లేదు. ఆ సంచి మూలంగా రాస్తున్న వ్యాసమిది.

ముందు టీవీ సంగతి చెప్పాలి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన రాష్ట్రంలోని కొన్ని పల్లెటూళ్ళు అమెరికా వారి ఉపగ్రహం ద్వారా టీవీ చూశాయి. రాజధానిలో కూర్చున్న మనం మాత్రం పేపర్లో చదువుకుని ఊరుకున్నాం. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. అప్పుడు మన ఊళ్ళోనే, 1967లో స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. వారు ఇ.సి. టీవీలు తయారుచేసేవారు. చెక్కపెట్టె, ముందు షట్టరు, కుడి పక్కన గుండ్రటి బిరడా. తిప్పితే టక్కుటక్కుమనేది. టీవీ పెట్టుకుంటే రేడియోకు లాగే పోస్టాఫీసులో లైసెన్సు కట్టాలి. నేను అబిడ్స్ జి.పి.ఓ. క్యూలో నిలబడి కట్టాను. 1980ల మధ్యలో ఆ లైసెన్సు ఎత్తేశారు. ప్రసారాలు సాయంత్రం కొన్ని గంటలే. వాళ్ళు వేసింది మనం చూడాలి. సినిమా వేసే రోజు వస్తే మా నాంపల్లి వాటాలో గడప బయట చెప్పులు లెక్కపెట్టలేకపోయేవాళ్ళం.

"మనక్కావలసింది మనం వేసుకోవచ్చునట" అనే మాట మా ఆఫీసులో వినిపించినది 1981 ప్రాంతంలో. జపాను వారు 1975లో బీటామాక్స్ అనీ, మరుసటి ఏడు వి.హెచ్.ఎస్. అనీ రెండు రకాల వీడియో యంత్రాలు బజారులోకి తెచ్చారు. మొదటిది బొమ్మ బాగుంటుందన్నారు. రెండోది ఎక్కువసేపు నడుస్తుందన్నారు. చివరికి ఎక్కువసేపు నడిచేదే నెగ్గింది. మన సినిమా మూడు గంటలుంటుంది కదా, మనవాళ్ళకు మరీ నచ్చింది. అయితే ఇవి మనకు జపాను నుంచి రాలేదు, గల్ఫు నుంచి వచ్చాయి. దుబాయి, కువైటు, సౌదీ వెళ్ళిన కరీంనగరు, నిజామాబాదు, కడప వాళ్ళూ, మన పాతబస్తీ వాళ్ళూ సెలవుకు వస్తూ దుప్పట్లలో చుట్టి తెచ్చుకునేవారు. ఊళ్ళో దిగిన వారానికే డబ్బు అవసరమై కొన్ని అబిడ్స్ కొట్లకు చేరేవి. ఈనాడు సెల్‌ఫోన్ల బజారుగా పేరుపడ్డ జగదీష్ మార్కెట్టు పరిసరాల్లోనే నేను మొట్టమొదటిసారి అద్దాల బీరువా వెనక వీడియో డెక్కును చూశాను. ధర అడిగితే నా ఏడాది జీతం పెట్టినా చాలదని తెలిసింది. చాయ్ తాగి వచ్చేశాను.

1982 ఆగస్టు 15న రంగుల ప్రసారాలు మొదలయ్యాయి. నవంబరులో ఢిల్లీ ఏషియాడ్. దానితో రంగుల టీవీ, దాని వెంట డెక్కు, దాని వెంట అద్దె వ్యాపారం వచ్చాయి. ఒక రాత్రికి టీవీ, డెక్కు, మూడు క్యాసెట్లు. రిక్షాలో వచ్చేవి, తెల్లారి రిక్షాలో వెళ్ళేవి. మూడు సినిమాలూ చూడకపోతే డబ్బు దండగని పిల్లలను తట్టి లేపి మరీ చూపించేవారు. మర్నాడు ఆఫీసులో సగం సెక్షను ఫైళ్ళ మీద కునుకు తీసేది.

ఇక మా సూపరింటెండెంటు గారు. నిబంధన చూడనిదే సంతకం పెట్టని మనిషి. నాకు నోటు రాయడం నేర్పినది ఆయనే. 1983 ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసు 58 నుంచి 55కు తగ్గింది. అప్పటికే 55 నిండినవారంతా ఆ నెల 28న ఒకేసారి ఇంటికి వెళ్ళారు. ఆ సాయంత్రం మన నాంపల్లి ఆఫీసుల్లో ఎన్ని పూలదండలు ఖర్చయ్యాయో మీలో చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. వయసు తర్వాత మళ్ళీ 58 అయింది గాని, మా సారుకు మాత్రం చేతిలో గ్రాట్యుటీ, ఇంట్లో చదువు పూర్తికాని కొడుకు మిగిలారు. ఆరు నెలలు ఊరికే కూర్చుని, ఒకనాడు నన్ను పిలిచి, "ఏమోయ్, ఒక డెక్కు కొందామనుకుంటున్నాను, అద్దెకిద్దాం. వైర్ల సంగతి నువ్వు చూసుకో" అన్నారు. నాకు వైర్ల సంగతి ఏమీ తెలియదు. సరేనన్నాను.

నేర్పినది అబిడ్స్ సందులో ఒక మెకానిక్ భాయి. ఆఫీసు వదిలాక పది రోజులు ఆయన స్టూలు పక్కన నిలబడ్డాను. ఆయన చెప్పిన మొదటి మాట, డెక్కు అంటే పెట్టెలో పెట్టిన చిన్న దూరదర్శన్ కేంద్రం అని. టీవీకి ఏంటెన్నా నుంచి వచ్చేది తప్ప వేరే భాష తెలియదు. అందుకని డెక్కులో ఒక చిన్న భాగం క్యాసెట్టులోని బొమ్మను ఏంటెన్నా భాషలోకి మార్చి, దూరదర్శన్ లేని ఒక ఖాళీ ఛానెలు మీద పంపుతుంది. మనం చేయవలసినది, మేడ మీది ఏంటెన్నా వైరు టీవీ నుంచి పీకి డెక్కు వెనక 'ఇన్' అన్నచోట పెట్టడం, 'అవుట్' అన్నచోటి నుంచి మరో వైరు టీవీకి తేవడం, ఆపైన టీవీ బిరడా ఆ ఖాళీ ఛానెలుకు తిప్పి, బిరడా చుట్టూ ఉండే రింగుతో సన్నంగా సవరించుకోవడం. కొన్ని డెక్కుల వెనక టెస్టు అని చిన్న స్విచ్చి ఉండేది. అది నొక్కితే తెర మీద నిలువు చారలు వచ్చేవి. చారలు తిన్నగా, స్పష్టంగా కనబడేదాకా సవరించుకుంటే క్యాసెట్టు పెట్టినప్పుడు బొమ్మ దానంతటదే వచ్చేది.

వినడానికి ఇంతే. చేతిలోకి వచ్చేసరికి చిక్కులు. పాత టీవీలకు ఏంటెన్నా నుంచి వచ్చేది బద్దలాంటి చదును వైరు, 300 ఓములది. వెనక రెండు మరలకు బిగించేవారు. డెక్కు వైరు గుండ్రటిది, 75 ఓములది. రెంటికీ పొత్తు కుదరడానికి మధ్యలో బాలన్ అనే బొటనవేలంత ముక్క పెట్టాలి. పెట్టకపోతే బొమ్మ వెనక మరో బొమ్మ దయ్యంలా కనబడేది. గుండ్రటి వైరుకు నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి తొడుగు, దాని మీద సన్నటి తీగల జడ. జడలో ఒక్క పోగు నడిమి తీగను తాకిందా, అంతా చుక్కలే.

ఆ ఒక్క పోగే నా పరువు తీసింది. మల్లేపల్లిలో ఒక బారసాల రాత్రి. నలభై మంది చాపల మీద కూర్చున్నారు. క్యాసెట్టు మాయాబజార్. మీట నొక్కాను, తెరంతా ఇసక. ఛానెలు తిప్పాను, ఇసక. మేడెక్కి ఏంటెన్నా తిప్పమని ఒక కుర్రాణ్ణి పంపాను. డెక్కు నడుస్తుంటే ఏంటెన్నాతో పనేమిటని ఒకాయన అడిగేదాకా నాకు తట్టలేదు. పిల్లలు ఏడుపు, పెద్దలు గొణుగుడు. సారు ఏమీ అనకుండా జేబులోంచి అగ్గిపెట్టె తీసి పుల్ల వెలిగించి టీవీ వెనక పట్టుకుని, "ఫైలు కదలనప్పుడు ఏ బల్ల మీద ఆగిందో చూసుకోవాలి. మొదటి బల్ల నుంచి రా" అన్నారు. ప్లగ్గు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను. చివరి పిన్నులో దొరికింది, వెంట్రుకంత పోగు. గిల్లేశాను. తెర మీద బొమ్మ రాగానే నలభై మందీ ఒక్కసారి అరిచిన అరుపు నాకు మొదటి ఇంక్రిమెంటు కంటే బాగా గుర్తు.

రంగుల టీవీలు పెరిగాక వెనక ఏ.వి. రంధ్రాలు వచ్చాయి. పసుపు పిన్ను బొమ్మకు, తెలుపు, ఎరుపు ధ్వనికి. ఖాళీ ఛానెలు వెతుక్కునే పని తప్పింది. బొమ్మ కూడా తేటగా ఉండేది, ఎందుకంటే మధ్యలో భాష మార్చి మళ్ళీ మార్చే తతంగం లేదు. రికార్డింగు లేకుండా వేసి చూడటానికే పనికొచ్చే వి.సి.పి.లు వచ్చాక మాబోటివాళ్ళు కూడా వాయిదాల మీద కొనుక్కోగలిగారు. డెక్కు లోపల ఒక గుండ్రటి డ్రమ్ము నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. దాని అంచున ఉన్న రెండు సన్నటి హెడ్డులు అరంగుళం టేపును ఏటవాలుగా రాసుకుంటూ చదువుతాయి. టేపు మాత్రం సెకనుకు అంగుళం కూడా కదలదు. హెడ్డుకు మురికి పడితే తెర మీద ముగ్గు. మెకానిక్ భాయి మెత్తటి తోలు, స్పిరిటు వాడేవాడు. మా సారు కొత్త రూపాయి నోటు వాడబోతే భాయి చెయ్యి పట్టుకుని ఆపాడు.

అన్నిటికంటే పెద్ద చిక్కు వైర్లలో లేదని 1986లో తెలిసింది. సారు పెద్దమ్మాయి అమెరికాలో ఉండేది. అక్కడే మగపిల్లవాడు పుట్టాడు. ఆ రోజుల్లో ట్రంకాల్ అంటేనే గుండె దడ, ఇక ప్రయాణమెక్కడ? పిల్లవాడికి ఏడాది నిండాక అమ్మాయి ఒక క్యాసెట్టు పంపింది. చుట్టాలందరికీ కబురు పెట్టారు. అమ్మగారు పాయసం చేశారు. నేను వైర్లన్నీ రెండుసార్లు సరిచూసుకుని క్యాసెట్టు పెట్టాను. తెర మీద బొమ్మ నిలవదు, చిరిగిన బట్టలా పైకి పరుగెడుతుంది. రంగు లేదు. ధ్వని బావిలోంచి వచ్చినట్టుంది. అందులో ఎక్కడో "నాన్నా" అన్నట్టు వినిపించింది. అమ్మగారు తెర దగ్గరగా జరిగి కళ్ళజోడు తుడుచుకుంటున్నారు, లోపం తన కళ్ళలో ఉందనుకుని.

మర్నాడు భాయి చూసి నవ్వాడు. "యే అమ్రీకా కా హై సాబ్." మనది పాల్ పద్ధతి. ఒక బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అమెరికా వారిది ఎన్.టి.ఎస్.సి. అనే వేరే పద్ధతి. 525 గీతలు, సెకనుకు దాదాపు 30 బొమ్మలు. క్యాసెట్టు చూడటానికి ఒకేలా ఉంటుంది, డెక్కులో ఒకేలా దిగుతుంది, కాని చదవడం రాదు. కరెంటు సంగతీ ఇంతే. అక్కడిది 110 వోల్టులు. మా ఆఫీసులోనే ఒకాయన బావమరిది అమెరికా డెక్కు తెస్తే, మన 230లో పెట్టి పొగ చూసి వచ్చాడు. అన్ని పద్ధతులూ చదవగల మల్టీ సిస్టం డెక్కు, దానికి తగ్గ టీవీ రెండూ ఉన్నచోటు వెతకాలి. ఆదివారం సారూ నేనూ అబిడ్స్ అంతా తిరిగాం. ఒక కొట్టులో కుదరదన్నారు, మరో కొట్టులో డబ్బు అడిగారు. నాలుగో కొట్టులో, గల్ఫు సరుకు అమ్మే ఒక పెద్దమనిషి, క్యాసెట్టు తిప్పి చూసి, "పోతా హై? బైఠియే" అని స్టూలు వేశాడు.

సారు కూర్చోలేదు. కౌంటరు ముందు నిలబడే చూశారు. తివాచీ మీద ఒక పిల్లవాడు పాకుతూ వస్తాడు, కెమెరా పట్టుకోబోతాడు, వెనక అమ్మాయి గొంతు "తాతయ్యకు దణ్ణం పెట్టు" అంటుంది. బేరాలకు వచ్చినవాళ్ళు కూడా ఆగిపోయారు. రెండు నిమిషాలు చూసి సారు క్యాసెట్టు ఆపించారు. "మిగతాది మా ఆవిడ వచ్చాక" అన్నారు. అప్పటికప్పుడు నేను సైకిలేసుకుని వెళ్ళి అమ్మగారిని రిక్షాలో తీసుకొచ్చాను. ఆ కొట్టు పెద్దమనిషి పైసా తీసుకోలేదు. దీపావళికి సారు ఆయనకు మిఠాయి డబ్బా పంపారు, రంజానుకు అక్కడి నుంచి సేమ్యా వచ్చింది. సారు బతికున్నంత కాలం ఇది జరిగింది.

వ్యాపారం మాత్రం ఎక్కువకాలం సాగలేదు. 1984 అక్టోబరు 8 నుంచి కాపీరైటు చట్టానికి సవరణ అమల్లోకి వచ్చింది. క్యాసెట్టు మీద హక్కుదారు పేరు, చిరునామా, సెన్సారు సర్టిఫికెటు నకలు ఉండాలి. దొంగ క్యాసెట్టుతో వ్యాపారం చేస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా జైలు, యాభై వేలకు తక్కువ కాకుండా జరిమానా. బజారులో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మా సారు ఆ సవరణ ప్రతి సంపాదించి, జి.ఓ. చదివినట్టు ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి చదివి, తన బీరువాలో ఉన్న క్యాసెట్లలో మూడొంతులు నిబంధనకు లోబడి లేవని తేల్చారు. వాటిని అద్దెకివ్వడం మానేశారు. "కొట్లవాళ్ళందరూ ఇస్తున్నారు కదండీ" అన్నాను. "వాళ్ళకు పెన్షన్ లేదోయ్" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. పోతుందన్న భయమో, తింటున్నందుకు బాధ్యతో. ఆ తర్వాత ఆయన డెక్కు పెళ్ళిళ్ళకూ శుభకార్యాలకూ మాత్రమే కదిలేది.

తక్కినది మీకు తెలిసిందే. 1987 జనవరిలో రామాయణం వచ్చి ఆదివారాలను దూరదర్శన్ లాక్కుంది. వీధిలో ఒకరు డెక్కు పెట్టి ఇళ్ళకు తీగ లాగడం మొదలై అది కేబులయింది. 1991 గల్ఫు యుద్ధంతో డిష్షులు, 1995లో జెమిని, ఈటీవీ, వెనకే సీడీలు. ప్రపంచంలో చివరిదాకా వీడియో డెక్కులు చేసిన జపాను ఫునాయ్ కంపెనీ కూడా 2016 జులైలో ఆపేసింది.

ఇప్పుడు ఆ గుడ్డసంచి. క్యాసెట్టు కిటికీలోంచి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. ఇంట్లో ఇలాంటివి ఉన్న సభ్యులకు మనవి, బూజు పట్టిన క్యాసెట్టును అలాగే డెక్కులో పెట్టకండి, హెడ్డు పాడవుతుంది, ఆ వెనక వేసిన క్యాసెట్టుకూ అంటుతుంది. విప్పి తుడిపించండి. మా అటక మీది వి.సి.పి. దింపితే లోపలి రబ్బరు బెల్టు జిగురైపోయింది. కోఠీ గుజరాతీ గల్లీలో రెండు పూటలు తిరిగి సరిపోయే బెల్టు సంపాదించాను. జగదీష్ మార్కెట్టులో అడిగితే కుర్రాళ్ళు నా చేతిలోని క్యాసెట్టును మ్యూజియం వస్తువులా చూశారు. అమ్మగారి ఇంట్లో గోడకు తగిలించిన పలక టీవీ. దాని వెనక వెతికితే బిరడా లేదు, మరలు లేవు, పసుపు తెలుపు ఎరుపులకు చోటే లేదు. మా మనవడు హెచ్.డి.ఎం.ఐ.లోకి మార్చే అగ్గిపెట్టెంత పరికరం తెప్పించాడు. అంటే మళ్ళీ మధ్యలో భాష మార్చే ముక్కే. కంప్యూటరులోకి ఎక్కించే వైరు కూడా వాడే కలిపాడు. నేను ప్లగ్గు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చాను.

బొమ్మ వచ్చింది. కింద ఒక చార, రంగులు వెలిసిపోయాయి, కాని వచ్చింది. అమ్మగారు కుర్చీ ముందుకు జరుపుకున్నారు. అప్పటి పెళ్ళి వీడియోలు ఎలా ఉండేవో మీకు తెలుసు. పెళ్ళివారి మాటలన్నీ తీసేసి ఆద్యంతం సినిమా పాటలు కలిపేవారు. సారు కనబడుతున్నారు, పంచె సవరించుకుంటున్నారు, ఎవరితోనో నవ్వుతూ ఏదో అంటున్నారు. వినిపించేది పాట. కన్యాదానం మీద పాట, తలంబ్రాల మీద పాట. గంటన్నర గడిచింది. నేను అమ్మగారి వైపు చూడలేకపోయాను.

భోజనాల దగ్గర ఒక పాట అయిపోయింది, రెండోది ఎత్తుకోలేదు. కలిపినవాడు ఎక్కడో లెక్క తప్పినట్టుంది. గిన్నెల చప్పుడు, పిల్లల గోల, వాటి మీదుగా ఆ గొంతు. "వడ్డన మొదలైందండీ, లేవండి, లేవండి. ఏమోయ్, ఆ లైటు వైరు కాళ్ళకు అడ్డంగా ఉంది, పక్కకు తియ్యి." ఆ వెంటనే పాట.

పాత టేపు, వెనక్కి తిప్పితే తెగవచ్చునని ఆవిడకు ముందే చెప్పి ఉన్నాను. మా మనవడు కంప్యూటరు వైపు చూసి, ఎక్కింది తాతయ్యా అన్నాడు. అయినా ఆవిడ అటు చూడలేదు.

"ఇందులోనే వెయ్యి నాయనా, ఇంకోసారి" అన్నారు. తిప్పాను.